ఇంటి అడ్రసు

సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. నాకు కవిత్వం రాదు. అందుకని నా ఉద్యోగం తొలిరోజుల్లో జరిగిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. తప్పు నాది, శిక్ష మాత్రం మరొకాయన అనుభవించాడు.

అది 2014. నేను మన కళాశాల వదిలి ఏడాది కూడా కాలేదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో కొలువు. ఫ్యాక్టరీల్లో మోటార్ల వేడి, కరెంటు లెక్కలు రాసిపెట్టే పెట్టెలు తయారుచేసేవాళ్ళం. లోపల బీగుల్‌బోన్ బ్లాక్ బోర్డు, దాని మీద లైనక్స్. సాఫ్ట్‌వేర్ నా వంతు, వైరింగు, సోల్డరింగు టెక్నీషియన్ అన్న వంతు. వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దయినా నన్ను 'సార్' అనేవాడు.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. బోర్డుకు కరెంటు ఇవ్వగానే ముందు యూ-బూట్ అనే చిన్న ప్రోగ్రాం లేస్తుంది. అది కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించి, చేతిలో ఒక చీటీ పెడుతుంది. ఆ చీటీ పేరు బూట్‌ఆర్గ్స్. అందులో 'రూట్=' అన్న ముక్క ముఖ్యం: నీ ఇల్లు ఫలానా చోట ఉంది, పోయి తలుపు తీయి అని దాని అర్థం. ప్రోగ్రాములూ ఫైళ్ళూ అన్నీ ఆ ఇంట్లోనే ఉంటాయి. అడ్రసు తప్పయితే కెర్నెల్ ఎంత మంచిదైనా వీధిలోనే నిలబడుతుంది.

నేను రాసిన అడ్రసు: రూట్=/డెవ్/ఎంఎంసీబీఎల్‌కే1పీ2. పక్కనే 'రూట్‌వెయిట్' అనీ రాశాను, అంటే ఇల్లు కనబడేదాకా ఆగమని. షెడ్డులో పెట్టెలన్నీ చక్కగా నడిచాయి. పన్నెండు పెట్టెలు ఉప్పల్‌లోని ఒక ఫ్యాక్టరీకి పంపాం. సాయంత్రానికి ఫోను: "లైటు ఎలుగుతుంది గానీ ఒక్కటి కూడా పనిచేస్తలేదు."

ఓనరు నా వంక చూశాడు. నేను తడుముకోకుండా "సోల్డరింగ్ లూజై ఉంటుందండీ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పెట్టెలు వెనక్కి వచ్చాయి. ఓనరు అన్నను నానా మాటలన్నాడు. అర్ధరాత్రి దాకా అన్న ఒక్కో అతుకునూ మళ్ళీ కాల్చి వేశాడు. షెడ్డులో అన్నీ నడిచాయి. మర్నాడు ఉప్పల్‌లో మళ్ళీ అన్నీ ఆగిపోయాయి.

ఈసారి సీరియల్ కేబులు పట్టుకుని నేనే వెళ్ళాను. తెరమీద చివరి లైను: రూట్ డివైస్ కోసం ఎదురుచూస్తున్నాను అని. అంతే. రూట్‌వెయిట్ పెట్టాను గనుక కనీసం కెర్నెల్ పానిక్ అని అరవను కూడా లేదు. పాపం, లేని ఇంటి ముందు పొద్దున్నుంచీ నిలబడే ఉంది.

సంగతి ఏమిటంటే, షెడ్డులో పరీక్షించేటప్పుడు లెక్కలు కాపీ చేసుకోవడానికి ఎస్‌డీ కార్డు ఎప్పుడూ పెట్టే ఉంచేవాణ్ణి. మేము వాడిన 3.8 కెర్నెల్‌లో కార్డు ఉంటే దానికి సున్నా నంబరు, లోపలి ఈఎంఎంసీకి ఒకటి. కార్డు తీస్తే ఈఎంఎంసీయే సున్నా అయిపోతుంది. ఉప్పల్‌కు కార్డులు తీసి పంపాం! 'ఎడమవైపు రెండో ఇల్లు' అని అడ్రసు రాసిస్తే, మొదటి ఇల్లు కూల్చిన నాడు ఆ ఉత్తరం ఎవరికి చేరుతుంది?

అందుకే వరస నంబరు తీసేసి, పార్టిషన్ సొంత గుర్తు రాశాను: రూట్=పార్ట్‌యూయూఐడీ. దీన్ని కెర్నెల్ తనంతట తానే గుర్తుపడుతుంది. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ రాస్తే మాత్రం మధ్యలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సాయం కావాలి. ఒక జాగ్రత్త: ఈఎంఎంసీని ఉన్నదున్నట్టు కార్డు మీదికి నకలు చేస్తే రెండింటికీ ఒకే గుర్తు వస్తుంది, మళ్ళీ తికమకే. 2020 డిసెంబరులో వచ్చిన 5.10 కెర్నెల్ నుంచి డివైస్ ట్రీలో ఈ నంబర్లను స్థిరంగా కట్టేసే వీలు కూడా వచ్చింది.

ఉప్పల్ నుంచి వెనక్కి వస్తుంటే దారిపొడవునా మెట్రో స్తంభాలు కనబడుతున్నాయి. హబ్సిగూడ చౌరస్తాలో ఆగినప్పుడు ఒక దుర్బుద్ధి పుట్టింది. నేను మార్చింది ఒక్క లైను. నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? నాచారం చేరేసరికి అన్న బల్ల దగ్గర కళ్ళెర్రగా కూర్చుని ఉన్నాడు. ఓనరును పిలిచి, అందరి ముందే చెప్పాను, తప్పు సోల్డరింగ్‌ది కాదు, నాది అని.

ఓనరు కోపం సంగతి సరే. అన్న మాత్రం, "చెప్తివి గద సార్, చాలు. రాత్రి బస్సు దొరకక ఇంటి దాకా నడుసుకుంట పోయిన, గదొక్కటే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! బోర్డు లేవకపోతే ముందు యూ-బూట్‌లో ప్రింట్‌ఎన్వ్ కొట్టి చీటీ చదవండి. లేచిన బోర్డులో /ప్రోక్/సీఎండీలైన్ చూడండి. వాడేవాళ్ళు ఎట్లా వాడతారో అట్లాగే పరీక్షించండి. ఇంకొకరి చేతిపనిని అనుమానించే ముందు, మీరు రాసిన లైను ఇంకొక్కసారి చదువుకోండి.