ఉన్ దారిలో చర్నాకోల

సూరత్ అనగానే మనకు జరీ చీరలు, వజ్రాల పరిశ్రమ గుర్తుకు వస్తాయి. కానీ ఉధ్నా నుండి దక్షిణంగా నవసారి వైపు సాగే రహదారిని పట్టినవారికి ఈ నగరం మరొక విధంగా పరిచయమవుతుంది. పాండేసరా, భేస్తాన్ దాటితే వచ్చేది ఉన్. ఒకప్పుడు విడి గ్రామమైన ఈ ఊరు నేడు మహానగరంలో కలిసిపోయింది. ఆ తరువాతిది సచిన్. అది ఒకనాడు సిద్దీ నవాబుల సంస్థానం, నేడు పెద్ద పారిశ్రామికవాడ. ఎడ్లబండ్లు నడిచిన దారిలో ఇప్పుడు బట్టల తానులు నింపుకున్న టెంపోలు పరుగులు తీస్తున్నాయి.

ఈ బట్టల వెనుక మనవారి శ్రమ ఉన్నది. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలలో తరాలుగా స్థిరపడ్డాయి. పాతకాలపు మరమగ్గాలలో ఒక విశేషం ఉండేది. నాడెను ఒక అంచు నుండి మరొక అంచుకు విసరడానికి ఒక కర్ర, దానికి కట్టిన తోలు పట్టీ ఉండేవి. నాడెను కొట్టే దిమ్మెను గేదె తోలుతో చేసి నూనెలో నానబెట్టేవారు. నైలాను వచ్చాక, నాడె లేని మగ్గాలు వచ్చాక తోలు వాడకం తగ్గిపోయింది. కర్ర, తోలు, విసురు ఈ మూడూ ఒకచోట చేరితే పల్లెలో పుట్టిన మనకు వెంటనే తోచేది చర్నాకోల. గుజరాతీ సోదరులు దానినే చాబుక్ అంటారు.

చర్నాకోల తయారీ తేలికైన పని కాదు. పచ్చితోలును సున్నపు నీటిలో ఉంచి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయల రసంలో ఊరబెట్టి పదును చేయాలి. తోలును అంచు నుండి లోపలికి చుట్టలుగా కోస్తే చిన్న ముక్క నుండే పొడవైన వారు వస్తుంది. ఆ వారులను తడిపి, సాగదీసి, మందం సరిచేసి జడవలె అల్లుతారు. కొసకు పోయేకొద్దీ పాయలు తగ్గించి సన్నగా ముగిస్తారు. అందులోనే కిటుకు ఉన్నది. విసురులోని శక్తి సన్నని కొసకు చేరేసరికి దాని వేగం సెకనుకు సుమారు 340 మీటర్ల శబ్దవేగాన్ని సైతం మించుతుంది. ఛెళ్ళుమనే ఆ మోత గాలిలో పుట్టినదే గాని ఎద్దు వీపు మీద పుట్టినది కాదు. నేర్పరియైన బండివాడు మోతతోనే ఎద్దులను నడిపిస్తాడు. ముల్లుకర్రతో పొడవడాన్ని 1965 నాటి కేంద్ర నిబంధనలు నిషేధించాయి కూడా.

ఇంతటి నేర్పు గల చేతులకు మన ఊళ్ళు ఇచ్చినదేమిటి? చెప్పులు, కపిల తొండాలు, చర్నాకోలలు సమకూర్చిన మాదిగ వృత్తికారులకు కళ్ళంలో కొలిచిన గింజలు దక్కాయి, నివాసం మాత్రం ఊరి వెలుపలే మిగిలింది. గుంటూరు జిల్లా బిడ్డ, 1958లో మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు సారథి అయిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ తోలు పనికి విజ్ఞానశాస్త్ర గౌరవం తెచ్చారు. 1985 కనిష్క విమాన దుర్ఘటన ఆయనను మన నుండి దూరం చేసింది. తోలు శాస్త్రం ఎదిగింది. పల్లెలో మాత్రం ట్రాక్టరు రాకతో పని తగ్గి, అల్లిక నేర్పే చేతులు అరుదయ్యాయి. వృత్తి నుండి బయటపడి చదువుకున్న బిడ్డలను చూసి సంతోషించవలసిందే. ఆ విద్య ఎవరిదో మరచిపోవడం మాత్రం కృతఘ్నత.

స్వగ్రామంలో తాతల నాటి చర్నాకోల దూలానికి వేలాడుతూ ఉంటే దానిని పారవేయవద్దని మా మనవి. దుమ్మును పొడిగుడ్డతో తుడిచి, ఆముదం కొద్దిగా పట్టించి, ఎక్కువైనది తుడిచివేయాలి. తడిస్తే ఎండలో గాక నీడన ఆరబెట్టాలి. మడత పెట్టరాదు, వేలాడదీయాలి. వానకాలంలో బూజు పట్టకుండా, ఎలుకలకు అందకుండా చూడాలి. పిల్లలు అదేమిటని అడిగినపుడు దానిని ఎవరు అల్లారో కూడా వారికి చెబుదాం.