పాత డబ్బా, కొత్త డబ్బా

"పూర్వం ఇలా ఉండేది కాదండీ" అనే మాట వినకుండా రోజు గడవదు. బియ్యం, నెయ్యి, సినిమా పాటలు, ఆఖరికి రాజకీయ నాయకులు కూడా పూర్వమే బాగుండేవారట. ఈ మాటను ఎవరూ పరీక్షకు పెట్టరు, ఎందుకంటే పాత వస్తువు చేతిలో ఉండదు. రాయపూర్‌లో నాకు తెలిసిన ఒక మిత్రుడి దగ్గర మాత్రం పాతదీ కొత్తదీ రెండూ ఉన్నాయి. వస్తువు మాత్రం మెచ్చుకోదగ్గది కాదు - పైపు పొగాకు.

దాని పేరు డన్‌హిల్ మై మిక్స్చర్ 965. పైపు కాల్చేవాళ్ళలో చాలా ప్రతిష్ఠ ఉన్న సరుకు. ఇందులో లటాకియా అనే ఆకు కలుస్తుంది. ఆ ఆకును కట్టెల పొగలో ఆరబెడతారు. మన పాత వంటిళ్ళలో అటక మీద పొగచూరిన సామానుకు ఒక వాసన ఉండేది చూడండి, దానికి దగ్గరగా ఉంటుంది. మిత్రుడి అన్నగారు 1986లో లండన్‌లో కొన్న డబ్బా ఒకటి మూత తియ్యకుండా మిగిలింది. కొత్త డబ్బా ఆయన కొడుకు అమెరికా నుంచి తెచ్చాడు. దాని మీద పీటర్సన్ అని ఉంటుంది.

"ఆడిటరు గారూ, అసలు డన్‌హిల్ ముందు ఈ కొత్తది గడ్డి. మూత తీస్తే చాలు, వాసనే చెప్తుంది" అన్నారు ఆయన. రిటైరై ఏళ్ళయినా నన్ను ఆడిటరు అనే పిలుస్తారు. సరే, ఆడిట్ చేద్దామన్నాను.

ముందు కాగితాలు. డన్‌హిల్ వారు తమ సొంత ఫ్యాక్టరీలో ఈ పొగాకు చేసింది 1981 వరకే. ఆ తర్వాత బెల్‌ఫాస్ట్‌లోని మర్రీస్ చేసింది. 2005లో అది డెన్మార్క్‌కు మారింది. 2018లో డన్‌హిల్ పేరుతో పైపు పొగాకులే ఆగిపోయాయి, తర్వాత ఇదే 965 పీటర్సన్ పేరుతో వస్తోంది. అంటే 1986లో కొన్న "అసలు డన్‌హిల్" కూడా డన్‌హిల్ చేతిది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. పేరు ఒకటే, లెడ్జరు నాలుగు చేతులు మారింది. ఇది చెబితే ఆయన కొంచెం నొచ్చుకున్నారు గాని పందెం మానలేదు.

తర్వాత పరీక్ష. కాల్చనవసరం లేదు, వాసన చాలన్నది ఆయనే కాబట్టి పని తేలికైంది. మూడు స్టీలు గ్లాసులు. రెండింటిలో ఒక రకం, మూడోదానిలో ఇంకో రకం. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. పాత ఆకు రంగు నల్లబడి ఉంది కాబట్టి కళ్ళకు తువ్వాలు కట్టాం, తాకడం నిషేధం. గ్లాసులు సర్దింది ఆయన మనవడు, పాచిక వేసి. ఆ సమయంలో నేను గదిలో లేను. ఉంటే నా ముఖమో గొంతో చెప్పేస్తుంది. బాబాల దగ్గర జరిగే "పరీక్షల్లో" లేనిది ఈ చిన్న జాగ్రత్తే!

ఆరుసార్లలో అయిదుసార్లు సరిగ్గా చెప్పారు. గుడ్డిగా చెబితే అయిదు గాని ఆరు గాని కుదిరే అవకాశం 729కి 13, అంటే నూటికి రెండు కంటే తక్కువ. కాబట్టి తేడా ఉందని ఒప్పుకోవాలి. హేతువాది అంటే ఎదుటివాడి మాట ప్రతిసారీ తప్పని తేల్చేవాడు కాదు.

కాని దేనివల్ల తేడా? ఆ డబ్బా దాదాపు నలభై ఏళ్ళు బీరువాలో ఉంది. మూత బిగించినా ఆకులో మార్పు ఆగదు, అది లోపల మాగుతూనే ఉంటుంది. అంటే ఆయన వాసన చూసింది 1986 నాటి పొగాకు కాదు, నలభై ఏళ్ళు మాగిన పొగాకు. 1986లో అది తాజాగా ఎలా ఉండేదో చెప్పగలిగే సాక్షి ఆయన జ్ఞాపకం ఒక్కటే. ఆ జ్ఞాపకం అప్పటి ముక్కుది. వయసు వల్లా పొగ వల్లా కూడా ముక్కు మొద్దుబారుతుంది. వోచరు లేని ప్రారంభ నిల్వ ఇది. కలిపే పాళ్ళు మార్చారా, ఆకు మారిందా, మాగడం వల్లా అన్నది ఈ మూడు గ్లాసులు చెప్పలేవు.

ఇంతటితో ఆగితే ఇది ముసలివాళ్ళ కాలక్షేపం. కాని ఆయన ఆగలేదు. "చూశారా, పాతది స్వచ్ఛమైంది. ఇప్పుడు రసాయనాలు కలుపుతున్నారు, జబ్బులన్నీ వాటివల్లే. మా నాన్నగారు లంక పొగాకు చుట్ట కాలుస్తూ 88 ఏళ్ళు బతికారు" అన్నారు. డాక్టరు పొగ పూర్తిగా మానమని చెప్పి అప్పటికి నెల అయింది. ఈ వాదం అక్కడ నుంచి పుట్టిందని అప్పుడు అర్థమైంది. తేడా ఉంది, కాబట్టి పాతది మేలు, కాబట్టి పాతది హాని చెయ్యదు - మొదటి మెట్టుకే సాక్ష్యం ఉంది, ఆయన మూడో మెట్టు మీద కూర్చున్నారు.

పొగాకు చంపుతుందన్న సాక్ష్యం కూడగట్టింది ఆ "స్వచ్ఛమైన" కాలంలోనే. డాల్, హిల్ లండన్ ఆసుపత్రుల్లో రోగులను అడిగి 1950లో ప్రకటించినప్పుడు, ఆ రోగులు కాల్చింది అంతకుముందు ఇరవై ముప్ఫై ఏళ్ళ సరుకు. 1951లో మొదలుపెట్టి యాభై ఏళ్ళు గమనించిన బ్రిటిష్ డాక్టర్లలో సిగరెట్టు మానని వాళ్ళు సగటున పదేళ్ళు ముందే పోయారు. అరవై ఏళ్ళకు మానినవాళ్ళకు కూడా సుమారు మూడేళ్ళు కలిసివచ్చాయి. పైపుతో ఊపిరితిత్తుల కేన్సరు ముప్పు సిగరెట్టుకంటే తక్కువే, కాని సున్నా కాదు. నోటి సంగతి వేరే చెప్పాలా?

లండన్ దాకా ఎందుకు? ఇక్కడి బస్తీల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలమ్మలు కొందరు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం నేను చూశాను. అడ్డపొగ అంటారు. పొలం ఆకు, చేత్తో చుట్టిన చుట్ట, ఏ కంపెనీ రసాయనమూ లేదు. 1971లో పిండ్‌బోర్గ్ బృందం ఆంధ్రా పల్లెల్లో పదివేల మందికి పైగా పరీక్షించి, ఈ అలవాటు వల్ల అంగిలి మీద వచ్చే మార్పులను నమోదు చేసింది. 88 ఏళ్ళు బతికిన నాన్నగారిని అందరూ గుర్తుపెట్టుకుంటారు, యాభైకే పోయినవాళ్ళు ఉదాహరణలుగా పనికిరారు కదా!

ఇలాంటి పరీక్షల వెనక ఉన్న గణితానికి పునాది వేసినవాడు రొనాల్డ్ ఫిషర్. పాలు ముందా టీ ముందా రుచి చూసి చెప్పగలనన్న ఆవిడ కథ 1935 నాటి ఆయన పుస్తకంలో ఉంది - ఎనిమిది కప్పులు, గుడ్డిగా కొడితే 70కి ఒక్క అవకాశం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో పిహెచ్‌డి చేసింది ఆయన దగ్గరే. అంతటి ఫిషర్ పైపు కాల్చేవాడు, పొగాకు ఉత్పత్తిదారులకు సలహాదారుగా ఉన్నాడు, సిగరెట్టుకూ కేన్సరుకూ సంబంధం రుజువు కాలేదని 1950ల చివర్లో గట్టిగా వాదించాడు. లెక్క రావడం ఒకటి, లెక్క తనకు ఎదురు తిరిగినప్పుడు ఒప్పుకోవడం ఇంకొకటి. మిత్రుడికి ఇది చెబితే "అయితే నేను ఫిషర్ అంతవాణ్ణే" అని నవ్వారు.

నవ్వాక కొంతసేపు మాట్లాడలేదు. కొత్త డబ్బా అవతల పారేస్తానన్నారు, పాతది అయిపోగానే పైపు కూడా. వంటింటి త్రాసు తెప్పించి తూచాను. ముప్ఫై ఒక్క గ్రాములు. ఆ అంకె, ఆనాటి తేదీ డబ్బా మూత మీద రాసి ఆయన చేత సంతకం పెట్టించాను. వచ్చే నెల ఒకటో తారీఖున మళ్ళీ తూస్తాను.