ఫ్లైఓవర్ మీద దడ

మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కానో లేదో అరచేతులకు చెమటలు.
ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైనే. మధ్యలో పక్కకి ఆపుకునే చోటుండదన్న ఆలోచనకే గుండె దడదడ.

పక్కన అక్క. "కంగారుపడకు" అనలేదు.
"స్టీరింగ్ అంత గట్టిగా పట్టుకోకే. ఊపిరి మెల్లగా వదులు" అంది, అంతే.

పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువసేపు సాగితే గుండె వేగం నిజంగానే తగ్గుతుంది. ఎడమ లేన్‌లో నా వేగంతో నేను వెళ్ళాను. భయం పూర్తిగా పోలేదు, కానీ ఉప్పర్‌పల్లి దాటేసరికి నెమ్మదించింది.

లైసెన్సుండీ ఇలాంటి భయంతో కారు తాళాలు ముట్టనివాళ్ళు ఎంతమందో! (మగవాళ్ళయితే అసలు పైకి చెప్పరు.) వాళ్ళని "ఏముంది, ధైర్యం చెయ్" అనకండి, ప్లీజ్. పక్క సీట్లో కూర్చోండి.

మీకెక్కడ దడ? ఘాట్ రోడ్డులోనా, రాత్రిపూట లారీల మధ్యనా? అప్పుడేం చేస్తారు?