రాజుగారి రెండో ఇన్నింగ్స్

చిన్నప్పుడు మా ఉద్దానంలో జీడితోట కాపలాకి వెళ్తే ట్రాన్సిస్టరూ, మా తాతా నాకు తోడు. రేడియోలో క్రికెట్ వచ్చిందంటే చాలు, తాత మొదలెట్టేవాడు. "ఇప్పుడోళ్లేటి సెప్తారురా! మన ఇజీనారం రాజుగోరు సెప్పాల!"

ఆ రాజుగారు ఎవరో కాదు, విజయనగరం రాజకుమారుడు విజ్జీ. 1936లో భారత జట్టుకి కెప్టెనై ఇంగ్లండ్ వెళ్లారు. మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు! పైగా లాలా అమర్‌నాథ్ అంతటివాణ్ణి మధ్యలోనే ఇంటికి పంపించేశారన్న అపఖ్యాతి. ఆ విజ్జీయే తర్వాత ఆకాశవాణి మైకు పట్టారు. 1959లో మనవాళ్లు ఇంగ్లండ్‌లో ఆడుతుంటే బీబీసీ కూడా పిలిచింది. సాగదీస్తారని నవ్వినవాళ్లూ లేకపోలేదు. 1965లో ఆ గొంతు ఆగిపోయింది.

తాతకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పలాస బజార్లో రేడియో ముందు నిలబడి ఆయన విన్నది ఆట కాదు, మనవైపు మనిషి గొంతు!

ఓ సంక్రాంతికి టెక్కలి కబడ్డీ పోటీల్లో నా చేతికి మైకిచ్చారు. నోరు పెగల్లేదు. జనం ఈలలేశారు. ఇంటికొచ్చి "ఇంక మైకు ముట్టను తాతా" అన్నాను.

తాత చుట్ట ఆర్పాడు. "ఆటలో ఓడిన రాజుగోరే మైకు ముందు కూకున్నారు. నీకేటిరా సిగ్గు?"

మర్నాడు మళ్లీ వెళ్లాను. నలభై ఏళ్లుగా వెళ్తూనే ఉన్నాను. తాత లేడు. ఇప్పటికీ మైకు పుచ్చుకోగానే కాసేపు నోరు పెగలదు. "నీకేటిరా సిగ్గు" అన్న మాట చెవిలో పడ్డాకే మొదలెడతాను.