ఈ ఒక్క నెలకూ

మనవాళ్ళకు మొహమాటం ఉగ్గుపాలతోనే అబ్బుతుందేమో! గద్దించి అడిగినవాణ్ణి కాదనగలం గాని, దీనంగా "ఈ ఒక్క నెలకూ" అని నిలబడినవాణ్ణి కాదనలేం.

మా పిన్ని కూతురు అమెరికాలో ఒక చిన్న కంపెనీలో జీతాల లెక్కలు చూస్తుంది. అక్కడే పనిచేసే తెలుగు కుర్రాడొకడు భార్యనూ, అయిదేళ్ళ పిల్లనూ విడిచి వేరే ఉంటున్నాడు. పిల్ల పోషణకు అతని జీతంలోంచి ఇంత పట్టి పంపవలసిందని కంపెనీకి ఉత్తర్వు వచ్చింది. అతను వచ్చి, "అక్కా, ఈ ఒక్క నెలకూ ఊరుకో. కాదంటే నీమీదా, కంపెనీమీదా దావా వేస్తాను" అన్నాడట. బతిమాలడమూ, బెదిరించడమూ ఒక్క గుక్కలోనే!

"ముందు గుండె జారిందక్కయ్యా. తరువాత నిబంధనలు చదువుకున్నాను" అన్నది ఫోనులో.

బాకీపడ్డ తల్లిదండ్రుల జీతంలోంచి పోషణ సొమ్ము పట్టే పద్ధతిని 1984 లోనే అక్కడి ఫెడరల్ చట్టం రాష్ట్రాలన్నిటికీ తప్పనిసరి చేసింది. పైకి సక్రమంగా కనబడే ఉత్తర్వును పాటించిన యజమానిమీద, ఆ పాటించినందుకు, ఎవరి దావా చెల్లదు. పాటించకపోతే మాత్రం పట్టవలసిన సొమ్ముకు యజమానే బాధ్యుడు. జీతాలిచ్చిన ఏడు పనిదినాల్లో ఆ సొమ్ము పంపాలి.

అలాగని ఉద్యోగిని గాలికి వదలలేదు. ఉత్తర్వు వచ్చిందని పనిలోంచి తీసేస్తే యజమానికి జరిమానా. పన్నులు పోగా మిగిలిన జీతంలో, మరో సంసారం పోషించేవాడి దగ్గర 50 శాతం, లేనివాడి దగ్గర 60 శాతం మించి పట్టరాదు. పన్నెండు వారాలకు పైబడిన బకాయి ఉంటే మరో 5 శాతం పట్టవచ్చు.

"ఉత్తర్వు తప్పనుకుంటే ఇచ్చినవాళ్ళకు చెప్పుకో తమ్ముడూ. నా చేతిలో ఏమీ లేదు" అని మా చెల్లి పంపేసిందట.

జీతం లేనివాడి మాటేమిటంటారా? 2006 ఫిబ్రవరిలో అమలుకు వచ్చిన మరో చట్టం భీమా కంపెనీలను కూడా ఇందులోకి తెచ్చింది. బకాయిదారుల జాబితాతో భీమా పరిహారాల వివరాలు సరిచూస్తారు. సద్బుద్ధితో ఆ వివరాలిచ్చిన కంపెనీమీదా బాధ్యత ఉండదు.

మన సివిలు ప్రొసీజరు కోడూ తక్కువ తినలేదు. మనోవర్తి డిక్రీకి జీతంలో మూడోవంతు మాత్రమే జప్తునుంచి మినహాయింపు. ఉత్తర్వును కాదని జీతమంతా చేతిలో పెట్టిన కంపెనీ ఆ సొమ్ముకు జవాబుదారీ.

పైకి చూస్తే ఈ రక్షణలన్నీ కంపెనీలకోసమే అనిపిస్తుంది. కాని బల్లవెనుక కూర్చున్న గుమాస్తాకు భయం ఉంటే, పస్తుండేది ఎక్కడో ఉన్న పసిపిల్ల. పెద్దల మొహమాటాలకూ, పిల్లల కంచాలకూ మధ్య చట్టం అడ్డు నిలబడవలసిందే. పిల్లల ఆకలి "ఈ ఒక్క నెలకూ" అంటే ఆగదు కదండీ!