ఎవరి ముందు తల వంచాలి

ఆలూరు, హొళగుంద, కౌతాళం, కోసిగి వైపు పల్లెల్లో శ్రమల కాలం వచ్చేసరికి చాలా ఇళ్ళకు తాళాలు పడి ఉంటాయి. వానలు మొహం చాటేసిన ఏడు ఇంటిల్లిపాదీ మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు. భస్మ బుధవారం నుంచి మంచి శుక్రవారం దాకా పశ్చాత్తాపం గురించీ తగ్గింపు గురించీ ప్రసంగాలు సాగేది కూడా ఆ నెలల్లోనే. పత్తి తూకంలోనో, వడ్డీ లెక్కలోనో, పొలం గట్టు దగ్గరో అన్యాయం చేసినవాడు గుడిలో మోకరించి కన్నీళ్ళు పెట్టుకుంటాడు. అన్యాయం జరిగినవాడు రెండు మూడు జిల్లాల అవతల ఎవరి చేలోనో కాయలు కోస్తుంటాడు. మొదటివాడు మనసు తేలికపడి ఇంటికి వెళ్తాడు. రెండోవాడికి ఆ సంగతే తెలియదు. తెలిసినా అతనికి ఒరిగేది లేదు. వలస లేని ఏడాదిలో ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నా జరిగేది చాలావరకు ఇదే. మన సంఘాల్లో ఒప్పుకోలు దేవుని వైపే తిరిగి ఉండిపోయింది, పొరుగువాడి వైపు తిరగడం మరిచిపోయింది. తప్పు ఎవరికి చేశామో వారి ముందు ఒప్పుకుని, వారు పోగొట్టుకున్నది తిరిగి ఇచ్చేదాకా క్రైస్తవ ఒప్పుకోలు సగంలోనే ఉందని నా నమ్మకం. దీనత్వం నిజమైనదో కాదో తేలేది ఆ రెండో సగంలోనే.

ఇది నేను కొత్తగా పెడుతున్న నియమం కాదు. లేవీయకాండము ఆరో అధ్యాయం నమ్మి దాచుకోమని ఇచ్చిన సొమ్ము కాజేసినవాడి గురించి, దొరికిన వస్తువు దొరకలేదని అబద్ధమాడినవాడి గురించి మాట్లాడుతుంది. అసలు మొత్తానికి ఐదో వంతు కలిపి, అంటే నూరు రూపాయలకు నూట ఇరవై చొప్పున, అపరాధబలి తెచ్చే రోజునే సొంతదారుడికి ఇచ్చెయ్యాలి. యాజకుడి దగ్గరకు పొట్టేలును తోలుకుపోయే మాట ఆ తర్వాతే వస్తుంది. కొండ మీది ప్రసంగంలో యేసు అదే వరుసను ఇంకా బిగించాడు. బలిపీఠం దాకా వచ్చాక సోదరుడికి మన మీద ఏదో నొప్పి ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే విడిచి ముందు అతని దగ్గరకు వెళ్ళమన్నాడు. అప్పటి కర్నూలు జిల్లా తూర్పు భాగంలో, ముత్యాలపాడు, నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషనరీలు తెచ్చిన 1662 నాటి ప్రార్థన పుస్తకంలోనూ ప్రభు బల్లకు రాబోయేవారికి చేసే హెచ్చరికలో ఈ మాట ఉంది. పొరుగువారికి అన్యాయం చేసి ఉంటే వారితో సమాధానపడి, శక్తికొద్దీ నష్టం తీర్చి మరీ రమ్మంటుంది. బల్ల దగ్గరకు వచ్చేవారిలో ఈ మాట విన్నవాళ్ళు ఇవాళ ఎందరున్నారు?

తప్పు చేశానన్న ఒక్క మాట బైబిలులో ఎన్ని నోళ్ళలో పలికిందో చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. వడగండ్లకు భయపడి ఫరో ఆ మాట అన్నాడు. వాన ఆగగానే మళ్ళీ గుండె రాయి చేసుకున్నాడు. సౌలు సమూయేలుతో ఆ మాట అంటూనే పెద్దల ముందు తన పరువు కాపాడమని బతిమాలాడు. ఇస్కరియోతు యూదా అయితే ముప్పై వెండి నాణేలూ తిరిగి తెచ్చి మరీ ఒప్పుకున్నాడు. అతని దుఃఖం బూటకమని నేను అనను. కానీ అతను వెళ్ళింది తాను అప్పగించినవాని దగ్గరకు కాదు, తనను కొన్న యాజకుల దగ్గరకు. వాళ్ళు ఆ గొడవ నీదేనని తోసేశారు. మూడుసార్లు ఎరగనన్న పేతురు మాత్రం సముద్రపు ఒడ్డున తాను కాదన్నవానికే ఎదురుగా నిలబడి, మూడుసార్లు అడిగిన ప్రశ్నకు మూడుసార్లూ జవాబు చెప్పాడు. మూడోసారి అతనికి నొప్పి కలిగిందని కూడా యోహాను రాశాడు. ఇద్దరూ కుమిలిపోయినవాళ్ళే. ఒకడు గాయపడినవాని ముఖం చూడలేకపోయాడు, ఒకడు చూశాడు.

అయితే కృప ఉచితమైనప్పుడు తిరిగి చెల్లించడమంటే క్షమాపణను కొనుక్కోవడం కాదా అన్న ప్రశ్న వస్తుంది. విశ్వాసమే చాలునన్న బోధ మీద పెరిగిన సంఘాలకు ఇది న్యాయమైన ప్రశ్నే. సుంకరి జక్కయ్య కథలో జవాబుంది. యేసు అతని ఇంట్లో బస చేస్తాననడం ముందు జరిగింది, సగం ఆస్తి బీదలకూ అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలూ ఇస్తాననడం తర్వాత జరిగింది. ఆ చెల్లింపు క్షమాపణకు వెల కాదు, క్షమాపణ ఆ ఇంట్లోకి వచ్చిందనడానికి రుజువు. పాపక్షమ పత్రాల అమ్మకాన్ని ఎదిరిస్తూ 1517లో లూథర్ రాసిన 95 వాదాల్లో మొదటిదే విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపంగా సాగాలన్నది. కృపను అడ్డం పెట్టుకుని పొరుగువాడి సొమ్ము ఉంచుకోవచ్చని ఆయన అనలేదు.

ఇంకా బలమైన అభ్యంతరం యాభై ఒకటో కీర్తన నుంచి వస్తుంది. దావీదు తాను దేవునికి మాత్రమే విరోధంగా పాపం చేశానన్నాడు కదా, మరి మధ్యలో మనిషెందుకు? ఆ మాటను దాని చోటులోనే పెట్టి చదవాలి. అప్పటికి దావీదు సైన్యంలోని ఊరియా చనిపోయాడు, చంపించింది దావీదే. తిరిగి ఇవ్వడానికి మనిషే మిగల్లేదు. నష్టపోయినవాడూ, అతని దగ్గరి బంధువూ లేని చోట ఆ చెల్లింపు దేవునికి చేరుతుందని సంఖ్యాకాండము ఐదో అధ్యాయం చెబుతుంది. ఊరియా బతికుంటే దావీదు గుడిలోకి పోవడానికి ముందు ఆ సిపాయి గుమ్మం తొక్కాల్సి వచ్చేదని నేను అనుకుంటాను. పైగా ఆ రాజు నేరం రహస్యంగానూ మిగల్లేదు. ప్రవక్త నాతాను ముఖం మీదే చెప్పాడు, సొంత జనం దాన్ని లేఖనాల్లోకి ఎక్కించింది, ఆ కీర్తన ప్రధాన గాయకుని చేతికి వెళ్ళింది.

అలాగని ప్రతివాడూ సంఘం ముందు నిలబడి అన్నీ చెప్పేయాలని నేను కోరను. ఊరు చిన్నది, నాలుకలు పెద్దవి. ఒక ఆడబిడ్డ కన్నీళ్ళతో చెప్పుకున్నది మర్నాటికల్లా నీళ్ళ కుళాయి దగ్గర కథ అవుతుంది. ఈ ప్రమాదం సంఘానికి ఏనాడో తెలుసు. రాసిచ్చిన పాపాల చిట్టాలను అందరి ముందూ చదివే అలవాటును 459లోనే పోపు మొదటి లియో నిషేధించాడు, గురువుకు చాటుగా చెప్పుకుంటే చాలన్నాడు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని విధిస్తూ, విన్న రహస్యం బయటపెట్టిన గురువుకు కఠిన శిక్ష పెట్టింది. తప్పు ఎంతమందిని తాకిందో ఒప్పుకోలు అంతవరకే వెళ్ళాలి. ఒక మనిషిని మోసం చేస్తే ఆ ఒక్కరి దగ్గరకు, సంఘపు లెక్కల్లో తేడా చేస్తే సంఘమంతటి ముందుకు. మన సాక్ష్యాల్లో ఇది తలకిందులైంది. బాప్తిస్మానికి ముందు తాగిన సారా గురించి మైకులో చెబుతాం, నిరుడు తోడికోడలికి రావాల్సిన వాటా ఇవ్వని సంగతి మైకు దాకా కాదు కదా, ఆమె వంటింటి దాకా కూడా పోదు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ వాదనే అన్యాయమవుతుంది. ఆలూరు, ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలోవి. ఆ బళ్ళారిలోనే లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హాండ్స్ 1810లో పని మొదలుపెట్టాడు. తర్వాతి తరాల్లో రాయలసీమలో సువార్తను గుంపులుగా అందుకున్నవారు ఎక్కువగా మాల, మాదిగ పేటలవారే. తరతరాలుగా వంగిన తలలు అక్కడ మొదటిసారి పైకి లేచాయి. వాళ్ళకే మళ్ళీ తగ్గించుకోండి అని బోధించడం క్రీస్తు చెప్పిన దీనత్వం కాదు. నాతాను రాజు దగ్గరకు వెళ్ళాడు, ఊరియా ఇంటివాళ్ళను ఓర్చుకోమనలేదు. తల వంచాల్సిన మొదటి వంతు పైన ఉన్నవాడిది, కూలి కోసినవాడిది, కులాన్ని గుడిలోపలికి మోసుకొచ్చినవాడిది. క్షమించమని నష్టపోయినవాడిని తొందరపెట్టే హక్కు ప్రసంగ పీఠానికి లేదు. అడగాల్సినవాడు ఇంకా అడగనే లేదు గదా.

సంఘాలు సంఘాలుగా కూడా ఈ పని చేయగలవని చూశాం. 2000 మార్చి 12న రెండో జాన్ పాల్ పోపు సంఘ బిడ్డలు శతాబ్దాలుగా చేసిన పాపాలకు లోకం ముందు క్షమాపణ కోరాడు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని ప్రకటించి, సంఘంలోనే అంటరానితనం, వివక్ష ఉన్నాయని రాతపూర్వకంగా ఒప్పుకుంది. 2008 నుంచి పన్నెండేళ్ళు కర్నూలు మేత్రాసనాన్ని నడిపిన పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి ఆ పదవికి చేరిన మొదటివారు ఆయన. అది సంతోషించాల్సిన సంగతే, కానీ ఒక్కరు పైకెక్కినంత మాత్రాన సంఘం దళితులకు పడిన అప్పు తీరిపోదు. మొదటి సగం కాగితం మీదికి వచ్చింది. రెండో సగం ఢిల్లీలోనో రోములోనో తేలేది కాదు. సమాధుల స్థలంలో ఎవరికి ఏ మూల ఇస్తున్నారు, సంఘ పెద్దల ఎన్నికలో ఎవరి పేరు ముందే కొట్టేస్తున్నారు, సుగ్గి నుంచి తిరిగొచ్చినవారికి పాత బాకీ లెక్క ఎవరు విప్పి చూపిస్తున్నారు అన్నవి ఆదోనిలో, ఎమ్మిగనూరులో, ఆలూరులో ఒక్కొక్క సంఘం తన రిజిస్టరు తెరిచి తేల్చుకోవాల్సినవి.