ఉక్క అనుకున్న చెమట

మధ్యాహ్నం మూడు దాటుతుండగా కిటికీ రెక్కలు గలగలలాడాయి. కొత్తగా వచ్చిన నేను ఉలిక్కిపడ్డాను. గోదావరిఖని వాళ్లు తల కూడా తిప్పలేదు. ఒకావిడ మాత్రం గోడ గడియారం చూసి, "ఇయాల జర లేటైంది" అంది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్. ఆమె ఒళ్లో ఉన్న ఏడు నెలల పాప కళ్లు తెరిచి, మళ్లీ మూసుకుంది.

పెళ్లిళ్లకూ యూనియన్ మీటింగులకూ వాడుకునే హాలు అది. ఆ రోజు పిల్లల గుండె పరీక్షలకు ఇచ్చారు. తలుపు దగ్గర బరువు తూచే యంత్రం, మధ్యలో బెంచీ మీద దుప్పటి, మూల బల్ల మీద పొడుగు నోటుబుక్కు. బుక్కు ముందు కూర్చున్న పెద్దాయన ఒకప్పుడు తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్. బాయి దిగడం మానేసి చాలా ఏళ్లయింది. ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు, టైలరింగ్ చేసే ఒకక్క, ఆశా కార్యకర్త ఆయనకు తోడు. కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లల డాక్టరు ఫీజు తీసుకోరు. బోర్డు లేదు, బ్యానరు లేదు. ఫొటోలు తీసేవాళ్లు కూడా లేకపోవడం ఈ రోజుల్లో చెప్పుకోదగ్గ విషయమే.

బొగ్గు ఊళ్లో వైద్యానికి లోటేమిటని బయటివాళ్లకు అనిపిస్తుంది. సింగరేణిలో పర్మినెంటు ఉద్యోగి పిల్లలకు ఏరియా ఆసుపత్రి ఉంది, అక్కడ కాకపోతే హైదరాబాదుకు రిఫరల్ ఉంది. ఒకప్పుడు లక్ష దాటిన పర్మినెంటు కార్మికుల సంఖ్య ఇప్పుడు సగానికి ఎంతో కింద ఉంది. మిగతా పని కాంట్రాక్టు చేతుల మీద నడుస్తోంది. టిప్పరు తోలేవాడి బిడ్డకూ, జిల్లాలోని ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా దంపతుల బిడ్డకూ అదే గుండె, అదే జబ్బు. చేతిలో ఉండే కాగితం మాత్రం వేరు.

పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. గదుల మధ్య గోడకు రంధ్రం కావచ్చు, పుట్టగానే మూసుకోవాల్సిన నాళం తెరిచే ఉండిపోవచ్చు. దేశంలో ఏటా రెండు లక్షల మందికి పైగా ఇలా పుడతారని అంచనా. వాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి మొదటి ఏడాదిలోనే వైద్యం అందాలి. ఆపరేషన్ హైదరాబాదులో జరుగుతుంది. జబ్బు పట్టుబడాల్సింది మాత్రం ఇక్కడ, ఈ బెంచీ మీద.

ఎందుకు పట్టుబడదన్నదానికి, డాక్టరు పాప తల్లిని అడిగిన మొదటి ప్రశ్నలోనే జవాబు దొరికింది. "పాలు తాగేటప్పుడు చెమటలు పడుతున్నయా అమ్మా?"

"నొసలంతా తడుస్తది సార్. నడుమ నడుమ ఆగి దమ్ము తీసుకుంటది. మేం ఉక్క అనుకున్నం."

రామగుండం ఎండాకాలంలో పాదరసం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అటువంటి చోట బిడ్డకు చెమట పడితే ఏ తల్లి అయినా ఉక్కే అనుకుంటుంది. పాలు తాగడమే పసిపిల్లకు పెద్ద కష్టం. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డకు ఆ కాస్త శ్రమకే ఒళ్లు తడిసిపోతుంది, బరువు పెరగదు, నెలకోసారి న్యుమోనియా అంటూ ఆసుపత్రి మెట్లెక్కాల్సి వస్తుంది. తూకం దగ్గర కుర్రాడు పాప బరువు రాసి, అంకె కింద రెండు గీతలు గీశాడు.

వీళ్ల పని 2020లో మలుపు తిరిగిందని పెద్దాయన చెప్పారు. అప్పటిదాకా ఏడాదికోసారి రక్తదాన శిబిరం, పండ్ల పంపిణీ. ఆ మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చిన పది మంది సంపర్క్ క్రాంతి రైల్లో రామగుండం స్టేషన్‌లో దిగి కరీంనగర్ వెళ్లారు. వాళ్లకు కరోనా బయటపడిన వార్తతో ఈ చుట్టుపక్కలంతా దేశానికన్నా ముందే తలుపులు వేసుకుంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటే లాక్‌డౌన్. అయినా ఖనిలో పూర్తి నిశ్శబ్దం ఎన్నడూ రాలేదు. కరెంటుకు బొగ్గు కావాలి. ఏప్రిల్‌లో భూగర్భ గనులకు లేఆఫ్ ఇచ్చినా ఓపెన్‌కాస్టులు ఆగలేదు. డ్యూటీ దిగిన తండ్రి వాకిట్లోనే స్నానం చేసి, పిల్లల్ని ముట్టుకోకుండా పక్క గదిలో పడుకునేవాడు. రెండు గదుల క్వార్టర్‌లో పక్క గది అంటే వంటిల్లే.

"రాత్రి షిఫ్టు చేసి నాయిన పండుకుంటే సప్పుడు చెయ్యొద్దని మా పోరగాళ్లకు చిన్నప్పటి సంది తెలుసు. లాక్‌డౌన్ల అదే ఎక్కువైంది, గంతే" అంది టైలరింగ్ అక్క. ఆమె ఆ రోజుల్లో మాస్కులు కుట్టింది. ఎన్ని కుట్టావని అడిగితే నవ్వింది: "దారం ఉండలు లెక్కవెట్టిన గని, మాస్కులు లెక్కవెట్టలె."

ప్రభుత్వం రేషన్ కార్డులో మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. కడుపుకు ఆసరా దొరికింది. దొరకనిది బస్సు. మార్చి 22న ఆగిన ఆర్టీసీ బస్సులు జిల్లాల్లో మే 19న కదిలాయి. మధ్యలో 58 రోజులు. ఆ లెక్క ఎందుకు ముఖ్యమో పెద్దాయన నోటుబుక్కులో ఒక పేజీ చెబుతుంది. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లల పేజీ అది. ఇరుకు ఇళ్లలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే గొంతునొప్పితో అది మొదలవుతుంది. కీళ్లు వాస్తాయి, తగ్గిపోయిందనుకుంటాం. లోపల గుండె కవాటాలు మచ్చలు పడి గట్టిపడతాయి. ఎక్కువగా ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు వస్తుంది. మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి పడాలి. 58 రోజులంటే రెండు, మూడు సూదులు ఎగిరిపోయినట్టే.

కుర్రాళ్లు బైకులెక్కింది అందుకే. పాసు రాయించుకుని, మందుల షాపులు తిరిగి, పిల్లను సూది వేసే నర్సు దగ్గరికి, కుదరకపోతే నర్సునే పిల్ల దగ్గరికి చేర్చారు. పోలీసులు ఆపిన చోటల్లా ఆ నోటుబుక్కు చూపించారు. అంగన్‌వాడీలు మూసి ఉండటంతో బాలామృతం ఇంటికి ఇచ్చేందుకు వెళ్లిన వాళ్లే పిల్లల పెదవుల రంగు కూడా చూసి ఫోన్ చేసేవారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి చేసే పరీక్షకు అది సాటి రాదు, నిజమే. కానీ తలుపులు మూసి ఉన్న బడిలో ఏ బృందమైనా ఎవరిని చూస్తుంది?

రక్తం కష్టం మరోటి. సేకరించిన రక్తం 35 నుంచి 42 రోజులు నిలుస్తుంది, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. శిబిరాలు ఆగిపోతే నిల్వలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. గనిలో షిఫ్టు దిగినవాళ్లను ఒక్కొక్కరిగా పిలిపించి రక్తం ఇప్పించారు. మూడు నెలలు నిండనివాళ్లు కూడా ముందుకొస్తే, ఆశా కార్యకర్త తేదీ చూసి వెనక్కి పంపేసింది. ఆ కోపం ఇప్పటికీ పోని ఇద్దరు కార్మికులు హాల్లోనే కూర్చున్నారు.

కరోనా పోతూ పోతూ ఆక్సీమీటరును ఇంటింటి వస్తువు చేసి పోయింది. ఇక్కడ దాన్ని పిల్లలకు వాడుతున్నారు. పెద్దల వేలికి పెట్టే క్లిప్పు పసివాళ్లకు పట్టదు కాబట్టి, పాదానికి చుట్టే ప్రోబు కొన్నారు. కుడి చేయి, ఒక పాదం, రెండు చోట్లా చూడాలి. 95 కన్నా తగ్గినా, రెంటి మధ్య మూడుకు మించి తేడా ఉన్నా అనుమానించాలి. డాక్టరు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పారు: గుండెలో మామూలు రంధ్రాలు ఈ యంత్రానికి దొరకవు, అంకె 98 చూపిస్తూనే ఉంటుంది. అందుకే చెవి కావాలి.

దొరికిన పిల్లల్ని పంపడానికి దారులు ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. నిమ్స్‌లో లివర్‌పూల్ ఆల్డర్ హే ఆసుపత్రి సర్జన్ దన్నపునేని రమణ బృందం వచ్చి ఉచితంగా ఆపరేషన్లు చేస్తోంది. మన్నం గోపీచంద్ నడిపే హృదయ ఫౌండేషన్ ఉంది. రాజీవ్ రహదారి పక్కనే కొండపాకలో సత్యసాయి సంజీవని ఆసుపత్రి ఉంది. వీటిలో ఏ గుమ్మానికి ఏ కాగితం కావాలో కుర్రాళ్లకు కంఠతా వచ్చు. ఆధార్‌లో పేరుకూ, జనన పత్రంలో పేరుకూ ఒక అక్షరం తేడా ఉంటే ఆపరేషన్ ఎన్ని వారాలు వెనక్కి పోతుందో వాళ్లు చెబుతుంటే సర్జనుకన్నా జిరాక్స్ షాపువాడే ముఖ్యమేమో అనిపించింది.

బెంచీ మీదికి పాప వంతు వచ్చింది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి, ఫ్యాన్ ఆపమన్నారు. ఆపారు. క్షణంలో అందరికీ చెమట. బయట బరువుతో టిప్పరు ఒకటి మూలుగుతూ పోయింది. ఆయన చెయ్యెత్తి ఆగారు. దాని వెనకే ఇంకొకటి. అదీ పోయాక తల వంచి మళ్లీ విన్నారు. పెద్దాయన పెన్ను క్యాపు తీశారు.